నాలుగు స్థాయిల గొంతు – నలభై వేల పాటలు

(తృతీయ బి.ఎస్సీ., ఎమ్.పి.సి.)

పోయిన డిసెంబరులో, సెమిస్టర్ పరీక్షలు ఇంకా నాలుగు రోజులున్నాయనగా, మా హాస్టల్ వరండాలో ఒక వాదన లేచింది. ఆ వాదన థర్మోడైనమిక్స్ మీదయితే మా లెక్చరర్లు సంతోషించి ఉండేవారు. కాని అది ఫ్రెడ్డీ మెర్క్యురీ గొంతు మీద. "నాలుగు ఆక్టేవుల గొంతురా ఆయనది" అన్నాడు నా రూమ్మేటు. ఆక్టేవ్ అంటే మన సంగీతంలో స్థాయి. కింది 'స' నుంచి పై 'స' దాకా ఒక స్థాయి. "నువ్వు కొలిచావా?" అన్నాను. వాడు ఫోను తీసి వికీపీడియా చూపించాడు. నిజమే, వ్యాసం మొదట్లోనే ఉందా మాట. అడుగున చూస్తే మూలాలు వందలకొద్దీ ఉన్నాయి. అన్ని మూలాలున్న వ్యాసం తప్పెలా అవుతుందని వాడి ధీమా.

నేనేమీ సంగీతజ్ఞుణ్ణి కాను. మాది కృష్ణా డెల్టాలో వరి, మినుము పండించుకునే కుటుంబం. ఇంగ్లీషు పాటలు వినడం డిగ్రీలో చేరాకే మొదలుపెట్టాను. అయితే మా నాన్నకు ఒక అలవాటుంది. కళ్ళంలోకి కాటా రాగానే ధాన్యం బస్తా పెట్టనివ్వడు. ఇంట్లో ఉన్న ఇరవై కిలోల ఇనపగుండు తెచ్చి ముందు దాన్ని తూయిస్తాడు. కాటా తెచ్చినవాడు ఏటా నొచ్చుకుంటాడు, మా నాన్న ఏటా తూయిస్తాడు. ఆ అలవాటు నాకూ కొంత వచ్చింది కాబోలు. పరీక్షల చదువు పక్కనపెట్టి ఆ రాత్రి ఆ జీవిత చరిత్రను తూచడానికి కూర్చున్నాను. (ఫలితం నా మార్కుల జాబితాలో కనిపిస్తుంది. ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం.)

మొదట తేలిక విషయాలు చూశాను. 1946 సెప్టెంబరు 5న జాంజిబార్‌లో పార్సీ దంపతులకు పుట్టాడు. అసలు పేరు ఫరోఖ్ బల్సారా. చదువుకున్నది మన దేశంలోనే, పంచ్‌గనీలోని బోర్డింగు స్కూల్లో. 1964లో జాంజిబార్‌లో తిరుగుబాటు వచ్చాక కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. 1970లో క్వీన్ బృందం ఏర్పడింది. ఇవన్నీ ఎక్కడ చూసినా ఒకే మాదిరిగా ఉన్నాయి. మధ్యలో నన్ను ఆకట్టుకున్న సంగతి మరొకటి. ఆ బృందంలో గిటారు వాయించిన బ్రయాన్ మే మనలాగే ఫిజిక్సు మనిషి. పీహెచ్.డీ. సగంలో వదిలేసి పాటల్లోకి వెళ్ళి, మళ్ళీ వచ్చి 2007లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో పూర్తి చేశాడు. విషయం గ్రహాల నడుమ ఉండే ధూళి. సప్లిమెంటరీలున్న మిత్రులు ఈ ఒక్క వాక్యం దాచుకోవచ్చు.

సరే, మా రూమ్మేటుకు ఈ గాయకుడి గురించి తెలిసినదాంట్లో సగం 2018లో వచ్చిన 'బొహీమియన్ రాప్సొడీ' సినిమాలోది. ఆ సినిమాలో, 1985 జులై 13న జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీకి ముందే ఆయన తనకు ఎయిడ్స్ ఉందని తోటివాళ్ళకు చెబుతాడు. ఆయన జీవిత చరిత్రలు రాసినవాళ్ళు మాత్రం జబ్బు తెలిసింది 1987లో అంటున్నారు. ఇక్కడ వికీపీడియా వ్యాసమే నయం, సినిమాను నమ్మలేదు. ఏ మాటకామాట చెప్పుకోవాలి కదా.

ఇహ గొంతు సంగతి. 2016లో ఐరోపా పరిశోధకులు కొందరు ఫ్రెడ్డీ గొంతును ధ్వనిశాస్త్రం ప్రకారం విశ్లేషించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఆయన ఇంటర్వ్యూలు ఆరు తీసుకుని, మాట్లాడే గొంతు సుమారు 117 హెర్ట్జ్ దగ్గర ఉంటుందని తేల్చారు. అంటే మామూలుగా మాట్లాడితే ఆయనది బరువైన గొంతే. పాటల్లో వాయిద్యాలను తీసేసి గొంతు ఒక్కటే విడిగా ఉన్న రికార్డింగులను పరీక్షిస్తే, కింది హద్దు సుమారు 92.2 హెర్ట్జ్, పై హద్దు సుమారు 784 హెర్ట్జ్ అని వచ్చింది. 1,347 హెర్ట్జ్ దాకా వెళ్ళిన ఆనవాళ్ళు ఉన్నాయి గాని వాటిని నమ్మదగినవిగా తీసుకోలేమని వాళ్ళే రాశారు.

ఇక్కడ మన ఇంటర్మీడియట్ లెక్క చాలు. ఒక స్థాయి పైకి వెళితే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. మూడు స్థాయిలంటే 8 రెట్లు, నాలుగు స్థాయిలంటే 16 రెట్లు. 784ను 92.2తో భాగిస్తే ఎనిమిదిన్నర వచ్చింది. మూడు స్థాయిలు దాటి ఒక్క అర స్వరం. పోనీ, నమ్మలేమన్న ఆ 1,347ను కూడా కలుపుకుందామని భాగించాను. 14.6 వచ్చింది. అదీ పదహారుకు చేరలేదు. తెల్లవారుజామున రెండింటికి రూమ్మేటును లేపి ఈ లెక్క చూపించాను. వాడు అన్నమాట ఈ సంచికలో అచ్చువేయడానికి వీల్లేదు.

అంతమాత్రాన నాలుగు స్థాయిలన్నది అబద్ధమని నేననను. వాళ్ళకు దొరికిన రికార్డింగుల్లో తేలింది అంత. ఏ రిహార్సల్లోనో, ఎవరూ రికార్డు చేయని రాత్రో ఆయన ఇంకా పైకి పాడి ఉండొచ్చు. ప్రయోగశాలలో రీడింగు రాకపోతే 'రాలేదు' అని రాస్తాం గాని 'లేదు' అని రాయం. కాని 'ఉంది' అని ఎలా రాస్తాం? తమాషా ఏమిటంటే, ఆ పరిశోధన ప్రస్తావన అదే వ్యాసంలో కిందెక్కడో ఉంది. మొదటి పేరాలో నాలుగు స్థాయిలూ ఉన్నాయి. ఒకే ఇంట్లో రెండు గదుల్లో ఉంటూ పలకరించుకోని తోడికోడళ్ళలాగా ఉన్నాయి ఆ రెండు సంగతులూ. మన బోటివాళ్ళం మొదటి గదిలోనే కూర్చుని లేచి వచ్చేస్తాం.

నా భాగహారం అక్కడ చేర్చబోతే అది చెల్లదని తెలిసింది. వికీపీడియాలో సొంత పరిశోధన రాయకూడదట. నమ్మదగిన మూలం ఏదైనా ఏం చెప్పిందో అదే రాయాలి. మొదట నాకు రోషం వచ్చింది. పదహారు, ఎనిమిదిన్నర ఒకటి కావని చెప్పడానికి కూడా పెద్దమనిషి సాక్ష్యం కావాలా? తర్వాత ఆలోచిస్తే ఆ నియమం లేకపోతే ఏమవుతుందో తోచింది. అందుకు రెండు ఉదాహరణలు చెబుతాను.

రోనీ హేజిల్‌హర్స్ట్ అని ఇంగ్లండులో టెలివిజన్ కార్యక్రమాలకు బాణీలు కట్టిన సంగీతకారుడు ఉండేవాడు. 2007 అక్టోబరు 1న పోయాడు. అంతకు ముందే ఎవరో కొంటెవాడు వికీపీడియాలో ఆయన వ్యాసంలో, ఎస్ క్లబ్ సెవెన్ అనే పాప్ బృందం 2000లో పాడిన 'రీచ్' పాట రచనలో ఆయనకూ భాగం ఉందని చేర్చి పోయాడు. ఆ పాట రాసింది క్యాథీ డెన్నిస్, ఆండ్రూ టాడ్. పాట క్యాసెట్టో, సీడీయో తిరగేసి చూస్తే పేర్లు కనపడతాయి. ఎవరూ తిరగేయలేదు. బీబీసీ, రాయిటర్స్, గార్డియన్, టైమ్స్, ఇండిపెండెంట్ అన్నీ సంతాప వ్యాసాల్లో ఆ మాటే రాశాయి. ఆ తర్వాత ఎవడైనా వికీపీడియా వ్యాసానికి ఆధారం అడిగితే ఏమవుతుంది? బీబీసీని చూపిస్తారు, గార్డియన్‌ను చూపిస్తారు. దొంగ తన ఇంటికి తానే సాక్షిని కన్నట్టయింది.

రెండోది మనకు ఇంకా దగ్గరిది, ఎందుకంటే చేసినవాడు విద్యార్థి. 2009 మార్చి నెలాఖరున మారిస్ జార్ అనే ఫ్రెంచి సంగీత దర్శకుడు చనిపోయాడు. 'ఎ పాసేజ్ టు ఇండియా' సినిమాకు సంగీతం చేసి ఆస్కార్ అందుకున్నది ఈయనే. ఆ కబురు రాగానే డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో చదివే ఇరవై రెండేళ్ళ కుర్రవాడొకడు, పత్రికలవాళ్ళు ఎంతవరకు సరిచూసుకుంటారో పరీక్షిద్దామని, జార్ అన్నట్టుగా ఒక గంభీరమైన వాక్యం తానే అల్లి వికీపీడియాలో పెట్టాడు. వికీపీడియా స్వచ్ఛంద సంపాదకులు ఆధారం లేదని దాన్ని తీసేశారు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీసేశారు. ఈ పెట్టడాల మధ్యలోనే పలు దేశాల పత్రికలు, మన దేశంలోవి కూడా, ఆ వాక్యాన్ని ఎత్తి రాసేశాయి. కొన్ని వారాలు చూసి ఆ కుర్రవాడే ఉత్తరాలు రాసి బయటపెట్టేదాకా ఒక్కరికీ తెలియలేదు. గార్డియన్ తప్పు ఒప్పుకుని దిద్దుబాటు వేసింది.

జీతం లేకుండా పనిచేసేవాళ్ళు పట్టుకున్నారు, జీతం తీసుకునేవాళ్ళు జారవిడిచారు. అంచేత వికీపీడియా పేరెత్తితే ముఖం చిట్లించే మా లెక్చరర్లతో నేను ఏకీభవించలేకపోతున్నాను. "అది చూడొద్దు" అంటారు. చూడకుండా సెమినార్ పేపరు రాసిన విద్యార్థి ఎవరైనా ఉంటే చేయెత్తమనండి. చూస్తాం, ఎత్తి రాస్తాం, మూలాల జాబితాలో ఎప్పుడూ తెరవని పుస్తకాల పేర్లు పెడతాం. ఆ పుస్తకాల పేర్లు కూడా ఆ వ్యాసం అడుగున దొరికినవే. మార్కులు వేసేవారికీ ఈ సంగతి తెలుసు.

ఇంగ్లీషు గాయకుల గొడవ మనకెందుకంటారా? ఫ్రెడ్డీ పుట్టిన 1946లోనే, మూడు నెలల ముందు, జూన్ 4న మన బాలసుబ్రహ్మణ్యంగారు పుట్టారు. ఆయన 2020 సెప్టెంబరు 25న పోయినప్పుడు నేను పదో తరగతి దాటిన వయసులో ఉన్నాను. మా ఊళ్ళో ఆ రోజు మినప చేలో పనిచేస్తున్న వాళ్ళు కూడా ఫోన్లలో ఆయన పాటలే పెట్టుకున్నారు. ఆయన నలభై వేల పాటలు పాడారన్న మాట అప్పుడు ఎక్కడ చూసినా ఉంది, ఇప్పటికీ ఉంది. బాలుగారంటే ప్రాణం పెట్టేవాళ్ళలో నేనొకణ్ణి. అయినా లెక్క లెక్కే. 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' చిత్రానికి ఆయన తొలి పాట రికార్డయింది 1966 డిసెంబరు 15న. అప్పటినుంచి చివరి రోజు దాకా సుమారు 19,600 రోజులు. నలభై వేలు కావాలంటే పండగా పబ్బం, జ్వరం, ప్రయాణం ఏదీ లేకుండా యాభై నాలుగేళ్ళపాటు రోజుకు రెండు పాటలు పాడాలి. ఆయనకు ఒకే రోజున పదికి పైగా పాటలు పాడిన రోజులున్నాయి కాబట్టి కానే కాదని కొట్టిపారేయలేం. కాని నలభై వేల పాటల జాబితా ఎక్కడుంది? పత్రికను అడిగితే మరో పత్రికను చూపిస్తుంది.

ఇలాంటి అంకె ఒకటి ఇంతకుముందు పెద్ద తగాదాయే తెచ్చిపెట్టింది. గిన్నిస్ పుస్తకం 1974లో లతా మంగేష్కర్ పేరిట 25,000 పాటలు వేసింది. మహమ్మద్ రఫీ ఒప్పుకోలేదు. ఆయన పోయాక 1984 సంచికలో ఆమె రికార్డుతో పాటు, రఫీ 28,000 పాడానన్నారని కూడా వేశారు. చివరకు 1991లో రెండూ తీసేశారు. ఓపిక పట్టి సినిమా సినిమాకూ కూర్చుని లెక్కపెట్టినవాళ్ళకు హిందీ సినిమా పాటలు ఇద్దరికీ ఐదు వేల చుట్టుపక్కలే తేలాయి. ఇతర భాషలు కలిపినా ఆ దూరం పూడదు. అయితే ఏం, ఐదు వేలని తెలిశాక లతాజీ గొంతులో తీపి తగ్గిందా?

దీనికి భిన్నంగా, 2016లో మన సుశీలమ్మగారికి గిన్నిస్ ఇచ్చిన గుర్తింపులో అంకె 17,695. ఆ చివరి 'తొంభై అయిదు' చూడండి. ఎవరో కూర్చుని ఒక్కొక్క పాటే రాసుకుంటే తప్ప అలాంటి అంకె పుట్టదు. నలభై వేలు, పాతిక వేలు అన్నవి మా ఊరి సంతలో బేరం అంకెల్లాగా గుండ్రంగా ఉంటాయి. ఈ 17,695 మాత్రం మా నాన్న కాటా చీటీలో అంకెలాగా ఉంది.

ఈ పిచ్చి నన్నింతగా ఎందుకు పట్టిందో చెప్పాలి. మా నాన్న పుట్టిన తేదీ ఆయన గుర్తింపు కార్డులో 1975 జులై 1. బళ్ళో వేసేటప్పుడు అక్కడి మాస్టారు వయసు చాలదని తోచిన తేదీ వేసుకున్నారు. పల్లెటూళ్ళ నుంచి వచ్చిన మిత్రులకు ఇది కొత్త కాదు. మీ ఇంట్లోనూ జూన్, జులై ఒకటో తేదీలవాళ్ళు కనీసం ఇద్దరుంటారు. కొన్నాళ్ళకు మరో కాగితంలో ఇంకెవరో 1979 అని రాశారు. రెండేళ్ళ కిందట పంటరుణం తిరగరాసే వేళకు ఈ రెండు కాగితాలూ ఒకే బల్ల మీదికి వచ్చాయి. "ఏది నిజమో తేల్చుకు రండి, ఆధారం పట్రండి" అన్నారు. ఊడ్పుల రోజులు. ఎకరానికి పెట్టుబడి కావాలి. మా నాన్న మూడుసార్లు తిరిగి, చివరకు నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చాడు. ఆ వడ్డీ మొన్న సంక్రాంతికి తీరింది.

నిజం చెప్పగల మనిషి ఇంట్లోనే ఉంది. మా నాయనమ్మ. "దివిసీమ ఉప్పెన నాటికి వాడు నెల నిండని గుడ్డు. దసరా వెళ్ళిన నాలుగో రోజున పుట్టాడు. గుళ్ళో మండపం మీద తెల్లవార్లూ వాణ్ణి కడుపుకింద పెట్టుకు కూర్చున్నాను" అంటుంది. ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19. పాత పంచాంగం చూసి లెక్కగట్టాను. అక్టోబరు ఆఖరి వారం అవుతుంది, ఆమె చెప్పినదానికి సరిగ్గా సరిపోయింది. ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు కనపడదు. కాని ఆ బల్ల దగ్గర అది ఆధారం కాదు. అక్కడ కావలసింది ముద్ర ఉన్న అబద్ధం, ముద్ర లేని నిజం పనికిరాదు.

వికీపీడియాలోనూ ఇదే చిక్కు. మా నాయనమ్మలాంటి వాళ్ళకు అక్కడ చోటు లేదు. బుర్రకథలు చెప్పినవాళ్ళు, నాటకాల్లో పద్యాలు పాడినవాళ్ళు, రేడియోలో లలితగీతాలు పాడినవాళ్ళు ఎందరి గురించో రాయబోతే 'మూలం ఏది?' అని ఆగిపోవాలి. ఫ్రెడ్డీ పాడిన ప్రతి కచేరీకి ఒక పత్రిక కత్తిరింపు దాచారు వాళ్ళు. మనం దాచలేదు. పైగా నియమాన్ని తిడతాం. నియమం సరైనదేనని నా అభిప్రాయం. లేకపోతే ఎవడికి తోచిన ఉప్పెన వాడు చెబుతాడు. లోటు ఉన్నది మన పెట్టెల్లో.

పూర్వం సినిమా హాలు దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవారు. పలచటి కాగితం, కథాసంగ్రహం, పాటల కింద రచయిత పేరు, గాయకుల పేర్లు. అవి అక్షరాలా మూలాలు. మా పెద్దత్త పెట్టెలో అరవై రెండు దొరికాయి, ఎలుకలు కొట్టినవి పోగా. మన లైబ్రరీలో మెట్ల కింద సినిమా వారపత్రికల బైండు పుస్తకాలు తాళ్ళతో కట్టి పడేసి ఉన్నాయి. వేసవిలో వాటిని తూకానికి ఇచ్చేస్తారని అటెండరు నాతో అన్నాడు. కిలోకు ఎంతో గాని, నాలుగు మోటారు సైకిళ్ళ పెట్రోలుకు సరిపడేంత వస్తుందేమో. ఆ సొమ్ము యూనియన్ నిధిలోంచి లైబ్రరీకి కట్టేసి ఆ కట్టలను ఆపమని అధ్యక్షుడిగారికి, కార్యదర్శిగారికి ఈ పుటల ద్వారా విన్నవించుకుంటున్నాను. వార్షికోత్సవానికి ఆర్కెస్ట్రా పిలవడంలో దానికి పదింతలు ఖర్చయింది. ఆర్కెస్ట్రా వద్దని కాదు, నేనూ ఈలలు వేశాను.

లెక్చరర్లకు ఇంకొక మనవి. ప్రతి సెమిస్టరులో ఒక్కొక్క విద్యార్థికి ఒక జీవిత చరిత్ర ఇవ్వండి. గాయకుడు కావచ్చు, శాస్త్రజ్ఞుడు కావచ్చు. అందులో పది వాక్యాలు పట్టుకుని ప్రతిదాని మూలం తెరిచి, అక్కడ ఆ మాట నిజంగా ఉందో లేదో రాసుకురమ్మనండి. నేను ఫ్రెడ్డీ వ్యాసంలో పదిహేను వాక్యాలు చూశాను. పదకొండు సరిగ్గా ఉన్నాయి, రెండింటికి లింకు తెరుచుకోలేదు, ఒకదానిలో మూలం కొంచెం వేరే మాట చెప్పింది. పదిహేనోది నాలుగు స్థాయిలు. దాని గురించి వ్యాసం చర్చాపుటలో నా ప్రశ్న రాసి పెట్టాను.

బాలుగారి పాటల లెక్క కూడా మొదలుపెట్టాం. నేనూ, ఆ రూమ్మేటూ, జువాలజీ మిత్రుడొకడూ. ఒక్కొక్క సంవత్సరానికి ఒక్కొక్క నోటుబుక్కు. పాటల పుస్తకంలో గాని, రికార్డు మీద గాని, తెర మీద గాని పేరు కళ్ళతో చూస్తే తప్ప రాసుకోవడం లేదు. 1967, 1968 అయ్యాయి, 1969 సగంలో ఉంది. శనివారాలు మధ్యాహ్నం రెండు నుంచి లైబ్రరీ మెట్ల దగ్గర ఉంటాం. వచ్చేవారు ముక్కుకు కట్టుకోవడానికి ఒక తువ్వాలు తెచ్చుకోండి, దుమ్ము బాగా ఉంది.